డీ ఆలస్యంగా పడుతోంది, రివర్స్ బాగానే పడుతోంది: పాత నాలుగు గేర్ల ఆటోమేటిక్

ప్రశ్న:
1990ల నాటి ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు. పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు డీలో (ముందుకు వెళ్లే డ్రైవ్ స్థానం) పెడితే మూడు నాలుగు సెకన్లు ఏమీ జరగదు, తర్వాత కుదుపుతో పడుతుంది. రివర్స్ పెట్టగానే పడుతుంది. వేడెక్కాక ఆలస్యం తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. కదిలాక పై గేర్లు మామూలుగానే మారుతున్నాయి. ఓడీ (ఓవర్‌డ్రైవ్) లైటు లోపం ఉందన్నట్టు మిణుకుమనడం లేదు. సోలినాయిడ్లన్నీ (ఆయిల్ దారుల్ని కరెంటుతో తెరిచి మూసే వాల్వులు) మార్చేయమంటున్నారు. గేర్‌బాక్స్ దింపకముందు ఏమేం చూడాలి?

జవాబు 1:
సోలినాయిడ్ల జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఆ తరం గేర్‌బాక్సుల్లో ఎక్కువ వాటిలో డీ పట్టించేది లివర్‌తో కదిలే మాన్యువల్ వాల్వే. అది ఆయిల్‌ని ఫార్వర్డ్ క్లచ్‌కి (బండిని ముందుకు నడిపే గేర్లను పట్టించే క్లచ్) వదులుతుంది. షిఫ్ట్ సోలినాయిడ్లు ఏ గేరు పడాలో తేలుస్తాయి, అంతే.

ముందు ఆయిల్ చూడండి. బండి బాగా వేడెక్కేదాకా నడిపి, చదునైన చోట ఆపి, ఇంజిన్ ఐడిల్‌లోనే ఉంచి, బ్రేక్ తొక్కి లివర్‌ని అన్ని స్థానాల్లోనూ తిప్పి మళ్లీ పార్క్‌లోకి తేవాలి. ఆయిల్ 70–80 డిగ్రీలున్నప్పుడు డిప్‌స్టిక్ మీద హాట్ గీతల మధ్య ఉండాలి. (చాలా పాత హోండాల్లో ఇంజిన్ ఆపిన వెంటనే చూడాలి, మీ కారు మాన్యువల్ చూసుకోండి.) తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది. ఎక్కువైనా చేటే: తిరిగే భాగాలు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తాయి, నురగతో ఒత్తిడి నిలవదు.

తర్వాత షిఫ్ట్ కేబుల్. డీలో పెట్టి, పడకముందే లివర్‌ని కొంచెం 2 వైపు నెట్టండి. వెంటనే పడితే కేబుల్ సాగి, వాల్వ్ పూర్తిగా తెరుచుకోవడం లేదన్నమాట. కేబుల్ సర్దితే పోతుంది.

జవాబు 2:
పైదానికి ఒక మాట కలుపుతాను. రివర్స్ బాగుంది కాబట్టి పంపు, ఫిల్టర్ బాగున్నట్టే అనుకోవద్దు. రివర్స్‌లో లైన్ ప్రెషర్‌ని (పంపు ఇచ్చే ప్రధాన ఆయిల్ ఒత్తిడి) కావాలనే పెంచుతారు, కాబట్టి నీరసించిన పంపు కూడా అక్కడ నెట్టుకొస్తుంది. అందుకే ప్రెషర్ గేజ్ పెట్టి చూడాల్సిందే.

దానికన్నా ముందు ఎల్‌లో (లో, అంటే ఫస్ట్ గేరు స్థానం) పెట్టి చూడండి. ఎల్‌లో సరిగ్గా పడి డీలో అసలు కదలకపోతే ఫస్ట్ గేరు వన్‌వే క్లచ్ (ఒక వైపే తిరగనిచ్చేది) మీద అనుమానం. ఎల్‌లోనూ అదే ఆలస్యమైతే ఫార్వర్డ్ క్లచ్, లేదా దానికి ఆయిల్ వెళ్లే దారి. రివర్స్‌లో తేడా ఉండి ఎల్‌లో ఇంజిన్ బ్రేకింగ్ కూడా రాకపోతే ఫస్ట్-రివర్స్ బ్రేకు అయ్యుండేది, మీది అది కాదు.

ఆలస్యాన్ని గడియారంతో కొలవండి. చక్రాలకు అడ్డం పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, వేడి బండి ఐడిల్‌లో న్యూట్రల్ నుంచి డీకి మార్చండి. టయోటా గేర్‌బాక్సుల్లో సాధారణ హద్దు 1.2 సెకన్లు, రివర్స్‌కి 1.5. ప్రతిసారికీ మధ్య ఒక నిమిషం వదిలి, మూడు కొలతల సగటు తీసుకోండి. స్టాల్ టెస్ట్ (బ్రేక్ తొక్కిపట్టి డీలో యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కడం) మాత్రం వద్దు, అలిసిన క్లచ్‌ని ఆ పరీక్షే మాడ్చేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ఆయిల్ స్థాయి సరిగ్గానే ఉంది, గోధుమ రంగు, మాడు వాసన లేదు. లివర్ కదిపితే తేడా లేదు. ఎల్‌లోనూ అంతే ఆలస్యం. గేజ్ పెట్టిస్తే న్యూట్రల్‌లోనూ రివర్స్‌లోనూ ఒత్తిడి మాన్యువల్ హద్దుల్లోనే ఉంది. డీలో పెట్టగానే బాగా పడిపోయి, మెల్లగా పైకొస్తోంది.

జవాబు 2:
అయితే పంపు బాగుంది, ఫార్వర్డ్ క్లచ్ దారిలోనే ఆయిల్ కారుతోంది. పిస్టన్ సీళ్ల రబ్బరు ఏళ్ల తరబడి వేడికి గట్టిపడుతుంది. చల్లగా ఉన్నప్పుడు సీలు అంచు సరిగ్గా ఆనదు, వేడెక్కితే కాస్త మెత్తబడి ఆనుతుంది. మీ లక్షణం సరిగ్గా ఇదే.

పాన్ (గేర్‌బాక్స్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) విప్పండి. అయస్కాంతాల మీద సన్నని బూడిద రంగు ముద్ద మామూలే, ఇత్తడి రేకులు, నల్లటి ముక్కలు ఉంటే మామూలు కాదు. ఫిల్టర్ మార్చండి. వాల్వ్ బాడీ (వాల్వులన్నీ ఉండే దిమ్మ) దింపి అక్యుములేటర్ (క్లచ్ కుదుపు లేకుండా పట్టేలా చూసేది) పిస్టన్ సీలు చూడండి, చౌకగా తేలిపోయే పని అదొక్కటే. ఆ తర్వాత ఫార్వర్డ్ క్లచ్ రంధ్రంలోకి 4 బార్ దగ్గర గాలి పంపండి. ‘టప్’మని తగిలి నిలిస్తే క్లచ్ బాగున్నట్టు. బుస్సుమని కారుతుంటే సీలు, లేదా షాఫ్ట్ మీది సీలింగ్ రింగులు. ఇక బాక్స్ దింపక తప్పదు.

జవాబు 1:
దింపితే ఒక్క సీలుతో ఆపొద్దు, కిట్‌లోని సీళ్లన్నీ వేయించండి. కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లను బిగించేముందు కనీసం 15 నిమిషాలు ఏటీఎఫ్‌లో (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) నానబెట్టాలి. డిప్‌స్టిక్ మీదో మాన్యువల్‌లోనో రాసిన రకం ఆయిలే పోయాలి. అప్పటిదాకా డీలో పెట్టి, పడేదాకా యాక్సిలరేటర్ ముట్టుకోకండి. ఆర్‌పీఎం ఎక్కువున్నప్పుడు క్లచ్ పట్టుకుంటే ప్లేట్లు మాడతాయి, అప్పుడు సీళ్లతో పోయే పని కాస్తా క్లచ్ ప్యాక్ దాకా వెళ్తుంది.