‘కల యీ భూజము’: ఈ చెట్టా, ఆ చెట్టా?

ప్రశ్న: కీచకుడు నిండుసభలో ద్రౌపదిని తన్నినప్పుడు చెట్టుకేసి చూసిన భీముణ్ణి (వంటవాడు వలలుడి వేషంలో ఉన్నవాణ్ణి) కంకభట్టు వేషంలోని ధర్మరాజు వారించే తిక్కన పద్యం ‘వలలుం డెక్కడఁ జూచె’ దగ్గరే నాకు ఆగిపోతోంది, చివరికి ‘కల యా భూజము వంటకట్టియలకై ఖండింపఁగా నేటికిన్’ అన్న పాదం మాత్రం నోటికి వస్తోంది. అక్కడ ‘యా’నా, ‘యీ’నా? అంతటి భీముడు ఒక్క పద్యానికి పగను ఎలా వాయిదా వేసుకున్నాడో ఆ అక్షరం తేలితే గాని బోధపడేలా లేదు.

జవాబు: ‘కల యీ భూజము’ అనే నేను చదువుకున్నాను. మత్తేభంలో మూడో అక్షరం గురువైతే చాలు కనుక ఛందస్సు ఏ పక్షమూ వహించదు, అర్థమే తేల్చాలి. ‘విలసచ్ఛాయ నుపాశ్రితప్రతతికిన్ విశ్రాంతి’ కలిగించే చెట్టు విరటుడే. ఆ రాజు కొలువులోనే, ఆయన ఎదుటే కంకుడు మాట్లాడుతున్నాడు కాబట్టి ‘ఈ’ అనడమే సహజం. ఆశ్రయమిచ్చినవాణ్ణి కూల్చవద్దన్నాడే తప్ప కీచకుణ్ణి విడిచిపెట్టమనలేదు.

మరొక జవాబు: బావమరిదిని గట్టిగా మందలించలేని రాజులో ధర్మరాజుకు ఏ చల్లని నీడ కనిపించిందండీ? నా దృష్టిలో ఆ చెట్టు అజ్ఞాతవాసమే. అది విరిగితే మళ్ళీ పన్నెండేళ్ళ అడవి. పైగా ‘వంటకట్టియ’ అన్న మాటను గమనించండి. వంటవాడు చెట్టును ఎందుకు చూస్తున్నాడని సభ అనుమానించకముందే దానికొక కారణం కల్పించాడు తిక్కన. భీముడికి ఆజ్ఞ, సభకు సంజాయిషీ, రెండూ ఆ ఒక్క సమాసంలోనే ఇమిడిపోయాయి.

ఇంకొకరు: మీరిద్దరూ భీముణ్ణే చూస్తున్నారు గాని, ఆ ఆలస్యాన్ని మోసినది ద్రౌపది. కంకుడు తనను శైలూషితో, అంటే నటితో, పోల్చినప్పుడు ‘నాదు వల్లభుండు నటుఁ డింత నిక్కంబు’ అని ఆమె అన్నది. వేషం వేసుకుని కూర్చున్న భర్తకు అంతకన్న పదునైన సమాధానం ఏ నాటకంలోనూ నాకు తారసపడలేదు. రాత్రివేళ వంటశాలకు వెళ్ళి భీముణ్ణి నిద్రలేపినదీ ఆమే కదా!

మొదట జవాబిచ్చినవారు: ద్రౌపది మాటను కాదనను. అయితే ‘ఉపాశ్రితప్రతతి’ అంటే ఆశ్రయించినవారి సమూహం; అజ్ఞాతవాసమే చెట్టయితే దాన్ని ఆశ్రయించిన ఆ సమూహం పాండవులు మాత్రమే అవుతారు, అప్పుడు ‘ప్రతతి’ వెలవెలబోతుంది. విరటుడైతే కొలువు మొత్తం ఆ నీడలోకి వస్తుంది, కీచకుడితో సహా. భీముడి చిక్కంతా అక్కడే ఉంది కనుకనే ఆ పగ రాజు కళ్ళెదుట సభలో కాక, నర్తనశాల చీకటిలో తీరింది.