అప్‌డేట్: డ్రాగన్ పెట్టెలో పురుగుల సంగతి తేలింది

పది రోజుల కింద అడిగాను కదా, మా బియర్డెడ్ డ్రాగన్ (పెంపుడు బల్లి) ఉండే అద్దాల పెట్టెలో చీమల్లాంటివి వందల్లో తిరుగుతున్నాయని. అవి చీమలు కావు, కీచురాళ్ల పిల్లలు! మేతకు వేసినవాటిలో కొన్ని తప్పించుకుని అక్కడే కాపురం పెట్టాయి.

మీలో ఒకరు అనుమానించినట్టే, అందం కోసం పెట్టిన కలబంద కుండీలోనే గుడ్లు. రోజూ నీళ్లు పోసింది నేనే. పైమట్టి గోరుతో గీరితే బియ్యపు గింజకన్నా సన్నగా, పొడుగ్గా బయటపడ్డాయి. ఆడదానికి వెనక సూదిలాంటిది ఉంటుంది, దాన్ని తడి మట్టిలో గుచ్చి పెడుతుంది. 30 డిగ్రీల వేడి ఉంటే రెండు వారాల్లోపే పిల్లలు. హన్మకొండ ఎండలకి బల్బు కూడా అక్కర్లేదు!

కుండీ తీసేశాను. రాత్రి ఆలుగడ్డ ముక్క పెట్టి, పొద్దున దాని కింద చేరినవాటిని డబ్బాలోకి దులుపుతున్నా. మొదటి రోజు ముక్క అడుగంతా అవే, నిన్న నాలుగైదు. ఇక మేత పటకారుతోనే. డ్రాగన్ తోక మీద అవి కొరికిన గాటు మానుతోంది.

అమ్మ మాత్రం బీరువా వెనక ఒకటి అరుస్తోందని రాత్రిళ్లు లేపుతోంది. అరిచేది మగది, గుడ్ల టెన్షన్ లేదమ్మా అన్నా వినట్లేదు.