చంద్రునికో నూలుపోగు: ఆ ‘కో’ ఏమిటి, ఆ చంద్రుడు ఏ తిథివాడు?

పొందూరు నుంచి:
మా అమ్మమ్మ అమావాస్య వెళ్లాక పడమట మొదటిసారి చంద్రుడు కనిపించిన సాయంత్రం చీర చెంగు నుంచి ఒక పోగు లాగి ఆకాశం వైపు వేసేది. వేస్తూ, అందరూ అనే ‘చంద్రునికో నూలుపోగు’కు ముందు ఇంకొక మాట చేర్చి అనేది. ఆ మాట ‘విదియ’ అని నాకు జ్ఞాపకం, ‘కొత్త’ అని మా పిన్ని పట్టుదల. ఈ నానుడి నిండు రూపం ఎవరి ఇంట్లోనైనా నిలిచి ఉంటే తెలియజేయగలరు. పున్నమి చంద్రుణ్ణి విడిచిపెట్టి, కంటికి ఆనీ ఆనని ఆ సన్నని వంకకే పోగు ఎందుకు ఇవ్వాలన్నది నా రెండో సందేహం.

బొబ్బిలి నుంచి:
తిథి సంగతి తరువాత చూద్దాం, ముందు ‘కో’ తేలాలి. షష్ఠి ‘కి’ ఏమ్యాదుల్లో, అంటే చివరి ఇకారానికి సంధి వికల్పంగా జరిగే మాటల్లో, ఉన్నదే కనుక ‘చంద్రునికి’, ‘ఒక’ కలిసి ‘చంద్రునికొక’ అయి, వాడుకలో ఆ ‘ఒక’ ‘ఓ’గా మారింది. గ్రంథస్థమైన మాటే అయితే ‘చంద్రునకొక’ అని ఉండేది కాబట్టి, ఇది పుస్తకాల్లోంచి జనంలోకి వచ్చినది కాదు, జనం నోట పుట్టినదే. ఒకే ఒక పోగు అన్న అర్థం పోతే ఈ నానుడిలో మిగిలేదేమీ లేదు.

విజయనగరం నుంచి:
బొబ్బిలి మాస్టారి సంధి కార్యం నిర్దుష్టమే గాని, అర్థం అక్కడితో ముగియదు. ‘అంతటి చంద్రునికా, ఈ పోగా!’ అన్న విస్మయం ఆ ‘ఓ’కారంలో ఉన్నదని నా అభిప్రాయం. లయను బట్టి తేల్చుదామని మాత్రలు లెక్కపెట్టాను. ‘చంద్రు – నికో – నూలు – పోగు’ అని మూడేసి మాత్రల నడక చక్కగా వస్తుంది, అయితే ‘నికొక’ అన్నా మూడు మాత్రలే. అమ్మమ్మగారి మాటకూ ఇదే చిక్కు: ‘విదియ’ మూడు మాత్రలు, ‘కొత్త’ మూడు మాత్రలు. ‘పాడ్యమి’ ఒక్కటే నాలుగు మాత్రలై ఈ నడకలో ఇమడదు. మూడు పక్కన నాలుగును నిలిపి దానినే అందం చేసిన ఘనత మా ఊరి గురజాడది. తోకచుక్క కనిపించిన 1910లోనే వెలువడిన ‘ముత్యాల సరాలు’ పైకి చదివినప్పుడల్లా ఆ మూడు నాలుగుల నడక ఎంత సహజంగా సాగుతుందో విని ఆనందిస్తూనే ఉంటాను.

సాలూరు నుంచి:
మాత్రలు చాలలేదని పాడ్యమిని అంత సులభంగా తోసివేయకండి. శివాజీ రాజముద్రికలో ఉన్నది ‘ప్రతిపచ్చంద్రలేఖేవ వర్ధిష్ణుర్విశ్వవందితా’ కదా. పాడ్యమి చంద్రరేఖలాగా పెరిగేది, విశ్వం చేత నమస్కారాలు అందుకునేది అని అక్కడ స్పష్టంగానే ఉంది. లోకం మొక్కేది పాడ్యమి రేఖకైతే పోగు కూడా దానికే చెందాలి.

శ్రీకాకుళం నుంచి:
రాజముద్రికలోని రేఖ కవి మనసుకు కనిపించినది, పోగు వేసేవారికి మాత్రం చంద్రుడు కంటికి కనిపించాలి. సూర్యుడి నుంచి చంద్రుడు పన్నెండు డిగ్రీలు జరిగితే ఒక తిథి పూర్తవుతుంది, అంటే పాడ్యమి ఉన్నంతసేపూ వారి మధ్య ఎడం పన్నెండు డిగ్రీల లోపే. అంత దగ్గరగా ఉన్న రేఖ సంజవెలుగులో కలిసిపోయి, సాధారణంగా కంటికి దొరకకుండానే అస్తమిస్తుంది. మరునాటికి చంద్రుడు సుమారు రెండు ఘడియలు ఆలస్యంగా అస్తమిస్తాడు కనుక చీకటి పడే వేళకు ఇంకా పడమట నిలిచి ఉంటాడు. పంచాంగంలో ‘చంద్రదర్శనం’ అని చాలా నెలల్లో విదియ నాడు కనిపించడానికి కారణం ఇదే. రంజాన్ నెలవంక కోసం మన పక్కింటివారు మేడలెక్కి చూసేదీ ఈ సంధ్యాకాశాన్నే. ‘విదియ’ అన్న మీ జ్ఞాపకమే సరైనదని నేను నమ్ముతున్నాను.

బొబ్బిలి నుంచి:
నూలుపోగు అన్నది ఆ రేఖ ఆకారాన్నే చెబుతున్నదని, పోలిక కుదిరింది కాబట్టే ఆచారం వచ్చిందని ఎవరైనా అనవచ్చు. నాకది సమ్మతం కాదు, ఎందుకంటే ఆ రేఖ ప్రతి నెలా ఒకే తీరుగా నిలవదు. మన జిల్లాలున్న పద్దెనిమిది డిగ్రీల అక్షాంశం దగ్గర ఫాల్గుణ చైత్రాల్లో క్రాంతివృత్తం, అంటే ఆకాశంలో సూర్యుడు నడిచే దారి, పడమటి దిక్కున దాదాపు నిట్టనిలువుగా ఉండి, చంద్రుడు సూర్యుడికి సరిగ్గా పైన నిలుస్తాడు గనుక రెండు కొమ్ములూ సమంగా లేచి పడవలాగా కనిపిస్తాడు. భాద్రపద ఆశ్వయుజాల్లో ఆ వృత్తం దక్షిణానికి సుమారు నలభై డిగ్రీలు ఒరగడంతో ఉత్తరపు కొమ్ము పైకి లేస్తుంది. దీనికే శృంగోన్నతి అని పేరు. వరాహమిహిరుడు చంద్రుడి ఆకారాలు చెబుతూ నావను కూడా లెక్కించాడు.

విజయనగరం నుంచి:
ఆకారం కాదు, పెరుగుదల ముఖ్యమని అంటే మీరూ ఒప్పుకోవచ్చు. రఘువంశం మూడో సర్గలో పసివాడైన రఘువు దినదినమూ ఎదగడాన్ని కాళిదాసు ‘పుపోష వృద్ధిం హరిదశ్వదీధితేరనుప్రవేశాదివ బాలచంద్రమాః’ అంటాడు. సూర్యకిరణాలు లోపల ప్రవేశించడం వల్ల బాలచంద్రుడు పెరిగినట్లు అని భావం. చంద్రుడి వెలుగు సూర్యుడిదేనన్న శాస్త్రాన్ని తండ్రి పెంపకానికి ఉపమానంగా తెచ్చి, ఎక్కడా శాస్త్రం వాసన తగలకుండా చెప్పగలిగినవాడు ఆయనే. ఎదిగేవాడికి ఒక పోగు ఇస్తే మన ఇంట బట్టకూ అలాగే ఎదుగుదల కలుగుతుందన్న ఆశ ఈ ఆచారంలో ఉంది. పున్నమి చంద్రుడికి ఇక తరుగుదలే కాబట్టి పెద్దలు అతణ్ణి ఎంచుకోలేదు.

పొందూరు నుంచి:
వాలుగ చేప దవడతో దూదిని దువ్వి, సన్నని నూలు వడికే మా ఊళ్లో పోగు విలువ తెలియనివారు ఉండరు. అందుచేత ‘ఒక’ అన్న బొబ్బిలి వారి అర్థమే నా మనసుకు దగ్గరగా ఉంది. విజయనగరం వారి విస్మయాన్నీ వదులుకోలేకపోతున్నాను. పిన్ని మాత్రం ఇంకా ‘కొత్త’ దగ్గరే ఉంది.

బొబ్బిలి నుంచి:
అలాగైతే రాబోయే విదియ నాడు పిన్నిగారి చేత ఆ మాట అనిపించి, విరుపు ‘కో’ తరువాత పడుతున్నదో, ‘చంద్రుని’ తరువాత పడుతున్నదో జాగ్రత్తగా విని ఇక్కడ రాయండి, అమ్మా. ‘చంద్రుని’ దగ్గర ఆగితే ‘ఒక’ నాది, ‘కో’ను సాగదీస్తే విస్మయం విజయనగరం వారిది.