బస్సు తీసేశారు, లెక్క చూపించమన్నారు. మన ప్రయాణాలను లెక్కపెట్టేది ఎవరు?

పొదిలి దారి
అందరికీ నమస్కారం. మా ఊరు పొదిలి–కనిగిరి రోడ్డు నుంచి 4 కిలోమీటర్లు లోపలికి ఉంటుంది. రాత్రి మా ఊళ్ళోనే నైట్‌హాల్ట్ ఉండి, పొద్దున ఆరున్నరకు పొదిలి బయల్దేరే పల్లెవెలుగు బస్సు ఒకటి ఉండేది. దాన్ని తీసేసి ఏడాది దాటింది. ఊరి పెద్దలతో కలిసి డిపోకి వెళ్ళి అడిగాం. ఆఫీసరు మర్యాదగానే మాట్లాడారు. కంప్యూటర్ మా వైపు తిప్పి, "మీ ట్రిప్పులో సగం సీట్లు కూడా నిండలేదు. జనం ఉన్నారని మీరంటున్నారు కదా, లెక్క చూపించండి" అన్నారు. మా దగ్గర ఏ లెక్కా లేదు, లేచి వచ్చేశాం.

మా చెల్లెలు పొదిలిలో ఇంటర్ చదువుతోంది. ఇప్పుడు పదముగ్గురు ఎక్కిన ఆటోలో పోతోంది. అది ఇంటికి తిరిగొచ్చేదాకా అమ్మకు ఒకటే టెన్షన్. ఈ లెక్కలు ఎక్కడ పుడతాయి? వాటిలో మేమెందుకు లేము? మేమే సొంతంగా లెక్క తీస్తే ఎవరైనా పట్టించుకుంటారా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

రిటైర్డ్ కండక్టర్
తమ్ముడూ, నేను ప్రకాశం జిల్లా రూట్లలోనే ఉద్యోగమంతా చేసి రిటైరయ్యాను. నాకు తెలిసింది చెబుతాను, కొంచెం పెద్దగా ఉంటుంది.

ఒక ట్రిప్పు ఉండాలా పోవాలా అన్నది రెండు అంకెల మీద నడుస్తుంది. ఈపీకే అంటే కిలోమీటరుకు వచ్చే రాబడి. ఓఆర్ అంటే సీట్లు ఎంతవరకు నిండాయన్నది. మా రోజుల్లో టికెట్ బ్లాకులు పట్టుకుని ప్రతి స్టేజీలో ఎస్ఆర్, అంటే టికెట్ల లెక్క కాగితం, రాసేవాళ్ళం. తర్వాత టికెట్లు కొట్టే టిమ్ మిషన్లు వచ్చాయి. ఎవరు ఏ స్టేజీలో ఎక్కి ఏ స్టేజీకి టికెట్ తీసుకున్నారో అంతా డిపోకి చేరిపోతుంది. మీకు చూపించిన లెక్క అబద్ధమని నేను అనను. అందులో ఏం పడలేదో అది మీరు చూడాలి.

పొద్దున బస్సులో సగం మంది పిల్లలే. పాసు చూపించి లోపలికి పోతారు. ఆ రద్దీలో ప్రతి పాసునూ నమోదు చేయడం కుదిరేది కాదు. నేనే ఎన్నోసార్లు వదిలేశాను. మీ చెల్లెలి సంగతి చదివాక అది గుర్తొచ్చి మనసుకు కష్టంగా ఉంది. లోపలి ఊరికి విడిగా స్టేజీ లేకపోతే రోడ్డు మీది స్టేజీ పేరుతోనే టికెట్ పడుతుంది. అప్పుడు మీ ఊరి జనం పక్క ఊరి లెక్కలో కలిసిపోతారు.

అన్నిటికన్నా పెద్ద విషయం వేరే ఉంది. బస్సు రాదని స్టాపుకే రానివాడు ఏ మిషన్లోనూ ఉండడు. నాలుగు రోజులు బస్సు ఆలస్యమైతే జనం ఆటో ఎక్కుతారు, ఓఆర్ పడుతుంది. ట్రిప్పులు తగ్గిస్తే ఇంకొందరు అప్పు చేసైనా బండి కొనుక్కుంటారు, ఓఆర్ ఇంకా పడుతుంది. చివరికి "ఈ రూటులో జనం లేరు" అని రాస్తారు. నా కళ్ళముందే రెండు రూట్లు ఇలా పోయాయి.

కావలి రమ్మంటోంది
అన్నా, ఇదంతా ఎందుకు? ఎమ్మెల్యే దగ్గరికి పోయి లెటర్ తెచ్చుకుంటే బస్సు వచ్చేస్తుంది కదా.

రిటైర్డ్ కండక్టర్
వస్తుందయ్యా. లెటర్ మీద వేసిన బస్సుల్లో నేనూ డ్యూటీ చేశాను. టైము జనానికి కుదరక ఖాళీగా తిరిగి, మూడు నెలలకు మళ్ళీ ఆగిపోయాయి. లెటర్ తెచ్చుకోండి, దాంతోపాటు లెక్క కూడా పట్టుకెళ్ళండి.

కోవూరు అక్క
బాబాయ్ చెప్పింది నిజం. నేను రోజూ కోవూరు నుంచి నెల్లూరు వచ్చి బట్టల షాపులో పనిచేస్తాను. 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకు ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి మొదలైనప్పటి నుంచి ఆధార్ చూపించి జీరో టికెట్ మీద వస్తున్నాను. మొదట్లో డబ్బులే లేనప్పుడు టికెట్ ఎందుకులే అనుకున్నాను. ఒక కండక్టరక్క చెప్పింది, ఈ టికెట్ల లెక్కను బట్టే ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు ఇస్తుందని. అప్పటి నుంచి టికెట్ అడిగి మరీ తీసుకుంటున్నాను, దిగే స్టేజీ కూడా సరిగ్గా చెబుతున్నాను. ఇన్నేళ్ళూ షేర్ ఆటోలో వచ్చినప్పుడు నేను ఏ కాగితం మీదా లేను. ఆడవాళ్ళు ఎక్కడ నుంచి ఎక్కడికి, ఏ టైముకు పోతున్నారో ఇప్పుడు మొదటిసారి స్టేజీ స్టేజీకి రాతలో పడుతోంది. దయచేసి అక్కాచెల్లెళ్ళు ఎవరూ టికెట్ వదిలేయకండి.

ఇంకో మాట. సాయంత్రం నేను బస్సు దిగాక నేరుగా ఇంటికి పోను. అత్తకు మందులు తీసుకోవాలి, కూరగాయలు కొనాలి, పాపను ట్యూషన్ నుంచి తీసుకురావాలి. ఇదంతా నడిచే. ఒకసారి సర్వేకి వచ్చిన అబ్బాయి "పనికి ఎలా వెళ్తారు?" అని అడిగి రాసుకుపోయాడు. ఈ మూడు చోట్ల ఆగడం గురించి అడగలేదు. నా రోజులో కష్టమంతా అక్కడే ఉంది.

ఎంటెక్ ఒంగోలు
అక్కా, మీరు చెప్పినదాన్ని మా రవాణా సబ్జెక్టులో ట్రిప్ చెయినింగ్ అంటారు. ఇల్లు, పని అని రెండే ప్రశ్నలు అడిగితే అది అసలు పట్టుబడదు. 2011 జనాభా లెక్కల్లో పనికి ఎంత దూరం, ఎలా వెళ్తారు అని అడిగారు. అది కూడా 'ఇతర పనివారు' అనే వర్గాన్నే. రైతులను, వ్యవసాయ కూలీలను, ఇంటి పరిశ్రమల వాళ్ళను అడగలేదు. మన ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది పొలం మీదే ఉన్నారు కదా! తెల్లారి ఐదింటికి మిర్చి చేలకు పోయే కూలీల ఆటోలు ఆ పట్టికల్లో ఎక్కడా కనిపించవు.

పొదిలి దారి అన్నా, లెక్క ఎలా తీయాలో చెబుతాను. పల్లె రోడ్ల ట్రాఫిక్ లెక్కకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1972లోనే పద్ధతి రాసి పెట్టింది. ఏడాదికి రెండుసార్లు, ప్రతిసారీ వరుసగా ఏడు రోజులు లెక్కపెట్టాలి. ఒకసారి పంట కోసి అమ్ముకునే రద్దీ సీజన్లో, ఇంకోసారి ఖాళీ రోజుల్లో. మన దగ్గర పొగాకు వేలం నడిచేటప్పుడు పొదిలి, టంగుటూరు రోడ్లు ఎలా ఉంటాయో, వేలం లేనప్పుడు ఎలా ఉంటాయో మీకు తెలుసు. ఒక్క సోమవారం నిలబడి లెక్కపెట్టి ఏడాదంతా ఇంతే అనుకుంటే మోసపోతాం.

ఇంకొకటి జాగ్రత్త. ఇంజనీర్లు వాహనాలన్నిటినీ కారు లెక్కలోకి మారుస్తారు. కారు 1, మోటార్ సైకిల్ 0.5, బస్సు లేదా లారీ 3, ఎడ్ల బండి 8. రోడ్డు ఎంత వెడల్పు కావాలో తేల్చడానికి అది సరైన పద్ధతే. అయితే ఆ లెక్కలో నలభై మంది ఉన్న బస్సూ 3, ఖాళీ బస్సూ 3. పదముగ్గురు కూర్చున్న ఆటో ఒక్క ఆటోనే. నడిచిపోయే మనిషికి అందులో అంకే లేదు. అందుకని మీరు వాహనాలను కాదు, మనుషులను లెక్కపెట్టండి. ఆడ, మగ, విద్యార్థి, కూలీ వేర్వేరుగా రాయండి. ఎటు పోతున్నారో రాయండి. పావుగంటకు ఒక గడి పెట్టండి. స్టాపులో నిలబడి విసిగి వెనక్కి పోయినవాళ్ళకు కూడా ఒక గడి ఉండాలి.

మూలాపేట
ఎంటెక్ తమ్ముడూ, నాదొక చిన్న అనుభవం. వర్షం పడితే మా నెల్లూరులో రైలు కట్ట కింది అండర్‌బ్రిడ్జిలు నీళ్ళతో నిండిపోతాయి. ఒక ఏడాది వారం రోజులు నా దారి మూసుకుపోయి, ఇంకో వైపు తిరిగి ఆఫీసుకు పోయాను. చూస్తే అదే తొందరగా ఉంది. పదేళ్ళుగా ఆలస్యమయ్యే పాత దారిలోనే పోతున్నానని అప్పుడు తెలిసింది. నీళ్ళు తీసేశాక కూడా కొత్త దారిలోనే పోతున్నా.

ఎంటెక్ ఒంగోలు
అన్నా, మీ అనుభవమే లండన్‌లో పెద్ద ఎత్తున జరిగింది. 2014 ఫిబ్రవరిలో అక్కడ భూగర్భ రైలు సిబ్బంది రెండు రోజులు సమ్మె చేశారు. కొన్ని స్టేషన్లు మూతపడ్డాయి. ప్రయాణికులు టికెట్‌కు బదులు వాడే ఓయ్‌స్టర్ కార్డుల డేటాను ఆర్థికవేత్తలు సమ్మెకు ముందు, తర్వాత పోల్చి చూశారు. రోజూ తిరిగేవాళ్ళలో దాదాపు 5 శాతం మంది సమ్మె అయిపోయాక కూడా కొత్త దారినే పట్టుకున్నారు. మనిషి అన్నీ బేరీజు వేసి దారి ఎంచుకుంటాడని మా ట్రాఫిక్ అంచనా మోడల్స్ అనుకుంటాయి, సగం అలవాటే నడిపిస్తుంది. మన ఊళ్ళలో కొత్త బస్సు వేసి నెల రోజులకే "ఎవరూ ఎక్కడం లేదు" అంటే నేను ఒప్పుకోను. ఆటో అలవాటు పోవడానికి టైము ఇవ్వాలి.

దర్శి టీచరమ్మ
ఇక్కడ మాటంతా బస్సు చుట్టూనే తిరుగుతోంది. బడికి దూరం అన్నది ఆడపిల్ల చదువును ఎలా ఆపేస్తుందో నేను ప్రతి ఏడాదీ చూస్తున్నాను. ఎనిమిదో తరగతి దాకా వచ్చిన పిల్ల, హైస్కూలు పక్క ఊళ్ళో ఉందని ఆగిపోతుంది. బీహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోవడానికి డబ్బు ఇచ్చారు. కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పక్కనున్న జార్ఖండ్‌తో పోల్చి చూస్తే, ఆ వయసు ఆడపిల్లల చేరిక 32 శాతం పెరిగింది. లాభం ఎక్కువగా కనిపించింది హైస్కూలు 3 కిలోమీటర్లు, ఆపైన దూరం ఉన్న ఊళ్ళలోనే. మన రాష్ట్రంలోనూ 'బడికొస్తా' పేరుతో సైకిళ్ళు ఇచ్చారు. మా బడిలో ఆ పిల్లలు గుంపుగా సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళు. ఆ ఏడాది హాజరు పట్టీ చూస్తే నాకు ప్రాణం లేచొచ్చినట్టుండేది.

బాబూ, మీ నోటుబుక్కులో ఒక పేజీ చదువు మానేసిన పిల్లలకు పెట్టండి. దారి లేక మానేశారా అని ఇంటింటికీ వెళ్ళి అడగండి.

టంగుటూరు టోల్ దగ్గర
హైవే పక్కన ఊళ్ళవాళ్ళకు ఒక్క మాట. కేంద్రం లెక్క ప్రకారం జాతీయ రహదారి మీద ఏదైనా 500 మీటర్ల ముక్కలో మూడేళ్ళలో మరణాలో, తీవ్ర గాయాలో అయిన ప్రమాదాలు 5 జరిగితే, లేదా మొత్తం 10 మంది చనిపోతే దాన్ని బ్లాక్‌స్పాట్ అంటారు. అప్పుడే లైట్లకు, సర్వీసు రోడ్డుకు, అండర్‌పాస్‌కు దారి పడుతుంది. మా ఊరి అడ్డరోడ్డు దగ్గర మా పెదనాన్న కాలు విరిగింది. కోర్టుల చుట్టూ తిరగలేమని కేసు పెట్టలేదు. ఆ చోట ఇంకా ముగ్గురు అలాగే వదిలేశారని తర్వాత తెలిసింది. పోలీసు రికార్డులో ఆ అడ్డరోడ్డు సురక్షితం! ఇప్పుడు ప్రమాదం జరిగిన చోటును పోలీసులు యాప్‌లో అక్కడికక్కడే ఎక్కిస్తున్నారు. కేసు పెడితేనే ఆ చుక్క మ్యాపు మీద పడుతుంది.

రిటైర్డ్ కండక్టర్
పొదిలి దారి తమ్ముడూ, సమాచార హక్కు చట్టం కింద మీ ట్రిప్పు ఓఆర్ నెలవారీగా అడుగు. పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. వాళ్ళ లెక్క, మీ లెక్క పక్కపక్కన పెట్టుకుని మాట్లాడితే ఆ ఆఫీసరుకు కూడా పైవాళ్ళకు చెప్పుకోవడానికి వీలుంటుంది.

పొదిలి దారి
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. అందరికీ పేరుపేరునా దండాలు.

మేము ఆరుగురం వంతులేసుకుని, మా ఊరి దారి మెయిన్ రోడ్డులో కలిసే చోట ఏడు రోజులు పొద్దున ఐదున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా రాశాం. మేము ఊహించనిది ఒకటి బయటపడింది. పొదిలికి పోయేవాళ్ళలో ఎక్కువమంది ఏడు ముప్పావుకు, ఎనిమిదింపావుకు మధ్యలో పోతున్నారు. కాలేజీ తొమ్మిదింటికి, ఆస్పత్రిలో ఓపీ చీటీలు కూడా ఆ టైముకే. ఆరున్నరకు పొదిలి వైపు పోయేవాళ్ళు చాలా తక్కువ. ఆ టైములో ఉన్న జనమంతా కూలీలు, వాళ్ళు పోయేది కనిగిరి వైపు. అంటే మా పాత బస్సు ఖాళీగా పోయిన మాట నిజమే, జనం ఉన్నారని మేమన్న మాటా నిజమే. ఆరున్నర బస్సే కావాలని ఏడాది పాటు పట్టుబట్టింది మాత్రం మేమే.

ఊళ్ళో కూర్చుని మాట్లాడాం. నైట్‌హాల్ట్ పోతే ఊరి పరువు పోతుందని పెద్దవాళ్ళు కొందరు ఒప్పుకోలేదు. మా చెల్లెలు లేచి నోటుబుక్కులో ఎనిమిదింటి గడి చదివి వినిపించాక మెత్తబడ్డారు. నైట్‌హాల్ట్ వద్దు, పొదిలి నుంచి ఏడుంపావుకు బయల్దేరి మా ఊరొచ్చి ఏడు యాభైకి వెనక్కి తిరిగే ట్రిప్పు చాలని అర్జీ రాశాం. మా ఊరి పేరుతో విడిగా స్టేజీ కావాలని కూడా రాశాం. టీచరమ్మగారు చెప్పిన పేజీలో నలుగురు ఆడపిల్లల పేర్లు వచ్చాయి. వాళ్ళ పేర్లు అర్జీలో రాయలేదు, నలుగురు అని మాత్రమే రాశాం.

నిన్న డిపోలో ఇచ్చాం. ఆఫీసరు గళ్ళన్నీ ఒక్కొక్కటే చదివి, జిరాక్సు తీసుకున్నారు. మిర్చి కోతల్లో ఇంకో వారం లెక్క తెమ్మన్నారు. ఆ వారం కనిగిరి వైపు పోయే కూలీల ఆటోలను రాయడానికి మా అమ్మ వస్తానంది. ఏ ఆటో ఎవరి చేనుకు పోతుందో ఊళ్ళో ఆమెకే బాగా తెలుసు.