ఇంటర్వ్యూలో "పిల్లల్ని ఎప్పుడు కంటావు" అని అడగడం న్యాయమేనా?

తుమ్మలగుంట_కామర్స్:
నిన్న రేణిగుంట రోడ్డులో ఒక ఆఫీసుకు అకౌంట్స్ ఉద్యోగానికి వెళ్లాను. బీకాం చదివాను, ట్యాలీలో ఐదేళ్ల అనుభవం ఉంది, జీఎస్టీ రిటర్నులు నేనే వేస్తాను. పది నిమిషాల ఇంటర్వ్యూలో జీఎస్టీ మీద ఒక్క ప్రశ్న. మిగతాదంతా పెళ్లయి ఎన్నాళ్లయింది, పిల్లలు ఉన్నారా, మీ అత్తగారు ఒప్పుకున్నారా అనే. చివరికి "రెండేళ్లు పిల్లల్ని కనను అని రాసిస్తావా" అన్నారు. లేచి వచ్చేశాను. నాకంటే ముందు లోపలికి వెళ్లిన అబ్బాయికీ పెళ్లయింది. ఆయన్ని మాత్రం పాత కంపెనీలో నోటీసు పీరియడ్ ఎంత అని అడిగి పంపారట. ఇది తప్పు కాదా?

గాజులమండ్యం_బాక్సులు:
అమ్మా, నీ బాధ అర్థమైంది. మా వైపు కూడా వినాలి. నాది స్వీటు బాక్సుల యూనిట్. 14 మంది పనిచేస్తారు, అందులో 11 మంది ఆడవాళ్లే. మూడేళ్ల కిందట ఒకమ్మాయిని అకౌంట్స్‌లో పెట్టుకున్నాను, జీతం 16,000. పది నెలలకే కాన్పు సెలవు పెట్టింది. చట్టం 26 వారాలు ఇవ్వమంటోంది కదా అని ఆరు నెలలూ జీతం ఇంటికి పంపాను. మొత్తం 96,000. ఆ సీట్లో ఇంకొకర్ని కూర్చోబెట్టి వాళ్లకూ ఇచ్చాను. సెలవు అయిపోయిన రోజు ఫోన్ చేసి "ఇంక రాను సార్" అంది. అప్పటినుంచి అడుగుతున్నాను. అడగడం తప్పని ఏ చట్టంలో ఉందో చూపించండి.

చిత్తూరు_చింతచెట్టు:
మగవాళ్లు ఎవరూ చెప్పకుండా మానేయలేదా అన్నా?

గాజులమండ్యం_బాక్సులు:
మానేశారు. ఆరు నెలలు కూర్చోబెట్టి జీతమిచ్చాక మానేయలేదు.

రాతకోతలు:
నేను పీఎఫ్, ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కాగితాల పని చేస్తాను. చట్టం అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఒకే రకం పనికి మనుషుల్ని తీసుకునేటప్పుడు ఆడవాళ్ల మీద వివక్ష చూపకూడదని 1976 నాటి సమాన వేతన చట్టం 5వ సెక్షన్‌లోనే ఉంది. దాని స్థానంలో వేతనాల కోడ్ అనే కొత్త చట్టం వచ్చింది, 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. అందులోనూ ఆ మాట ఉంది, ప్రైవేటువాళ్లకూ వర్తిస్తుంది. 2024లో శ్రీపెరంబుదూరు ఫోన్ల ఫ్యాక్టరీలో పెళ్లయిన ఆడవాళ్లను తీసుకోవడం లేదని వార్తలు వచ్చినప్పుడు కేంద్ర కార్మిక శాఖ ఈ 5వ సెక్షన్‌నే గుర్తుచేసి తమిళనాడు నుంచి నివేదిక అడిగింది.

గాజులమండ్యం_బాక్సులు:
అందులో ఆడా మగా అని ఉంది, పెళ్లి అని ఎక్కడుంది? 14 మందిలో 11 మంది ఆడవాళ్లు ఉన్న చోట ఆడవాళ్ల మీద వివక్ష ఎట్లా అవుతుంది?

తుమ్మలగుంట_కామర్స్:
పెళ్లయిన మగవాణ్ని ఆ ప్రశ్న అడగకుండా తీసుకుని, పెళ్లయిన నన్ను అడిగి వద్దంటే, తేడా పెళ్లిలో ఉందా సార్? నేను ఆడదాన్ని కావడంలో ఉంది.

గాజులమండ్యం_బాక్సులు:
వద్దనడం వేరు, అడగడం వేరు. నేను అడగడం గురించే మాట్లాడుతున్నాను.

రాతకోతలు:
అడగడం గురించే సుప్రీంకోర్టు తీర్పు ఉంది. నీరా మాథుర్ కేసు, 1991. ఎల్‌ఐసీ ఉద్యోగంలో చేరేముందు నింపే డిక్లరేషన్ ఫారంలో నెలసరి తేదీలు, గర్భాల వివరాలు రాయమని గడులు ఉండేవి. ఆమె అందులో తప్పు రాసిందని ఉద్యోగం తీసేస్తే, కోర్టు ఆమెను తిరిగి తీసుకోమంది. ఆ గడులే తీసేయమంది.

గాజులమండ్యం_బాక్సులు:
ఎల్‌ఐసీ సర్కారుది. నాది రేకుల షెడ్డు.

మంగళం_రోడ్డు:
అన్నా, మా ఆవిడ ఒక ప్రైవేటు బడిలో టీచరు. చేరేటప్పుడు ఇట్లాగే అడిగారు, ఇప్పుడే లేదని చెప్పింది. తర్వాత నెల తప్పితే ఐదో నెల దాకా కొంగు కప్పుకుని దాచింది. మెట్లెక్కి రెండో అంతస్తులో పాఠాలు చెప్పింది, కాళ్లు వాచినా నోరెత్తలేదు. మీరు అడిగితే నిజం చెబుతారనుకుంటున్నారా? భయపడి దాస్తారు.

పీలేరు_బైపాస్:
మా తమ్ముణ్ని ఒకచోట ఇంటిపేరు అడిగారు, తర్వాత మీ ఊళ్లో మీ ఇల్లు ఏ వైపు అన్నారు. అంతే, మళ్లీ ఫోన్ రాలేదు. పాలిటెక్నిక్‌లో ఫస్ట్ క్లాసు వాడు. దాని గురించీ మాట్లాడండి.

రాతకోతలు:
బాక్సులన్నా, ఒక సంగతి నాకు ఇందాకటినుంచి అంతుపట్టడం లేదు. 14 మంది ఉన్నారు, ఆ అమ్మాయి జీతం 16,000. పదిమంది ఉంటే ఈఎస్‌ఐ తప్పనిసరి, 21,000 లోపు జీతం వాళ్లందరూ అందులోకి వస్తారు. యజమాని వాటా 3.25 శాతం, అంటే ఆమెకు నెలకు 520. అది కట్టి ఉంటే ఆ 26 వారాల డబ్బు ఈఎస్‌ఐ ఇచ్చేది. మీ జేబులోంచి ఎందుకు పోయింది?

చిత్తూరు_చింతచెట్టు:
అదీ అసలు ప్రశ్న.

గాజులమండ్యం_బాక్సులు:
ఒక్కరికి 520 అని సులువుగా రాసేశావు. నా మొత్తం జీతాలు నెలకు 1,82,000. దాని మీద 5,915. ఏడాదికి 71,000. లెక్క నాకూ వచ్చు తమ్ముడూ. పక్క షెడ్డులవాళ్లు ఎవరూ కట్టడం లేదు. నేనొక్కణ్నే కట్టి బాక్సు మీద పది పైసలు పెంచితే ఆర్డరు వాళ్లకు పోతుంది. నెల జీతం తీసుకునేవాళ్లు చెప్పే నీతులు వినే ఓపిక నాకు లేదు.

తుమ్మలగుంట_కామర్స్:
నెల జీతం కోసం తిరుగుతున్నాను సార్, ఇంకా తీసుకోవడం లేదు. ఏటా 71,000 మిగుల్చుకున్నారు. ఒకసారి 96,000 పోయేసరికి ఆ కోపం ఇంటర్వ్యూకి వచ్చే ప్రతి అమ్మాయి మీద చూపిస్తున్నారు. ఆ 11 మందిలో ఎవరికైనా రేపు జ్వరమొచ్చినా, మిషన్‌లో వేలు నలిగినా ఈఎస్‌ఐ ఆసుపత్రికి పోవడానికి కార్డు లేదు కదా. మన గొడవ పిల్లల ప్రశ్న గురించే అనుకున్నాను ఇందాకటిదాకా.

గాజులమండ్యం_బాక్సులు:
నేను ఎవరి కడుపూ కొట్టలేదు. ఆ అమ్మాయికి ఆరు నెలలూ ఒక్క రూపాయి తగ్గించకుండా ఇచ్చాను. అది ఎవరూ అనరు.

మంగళం_రోడ్డు:
ఇచ్చారు, అది మంచితనమే. మా ఆవిడకు అది కూడా దొరకలేదు. కానీ మీ మంచితనం అయిపోయిన రోజు ఆ ఆడవాళ్ల చేతిలో ఏముందన్నా?

గాజులమండ్యం_బాక్సులు:
(రాత్రి 11.40) రాతకోతలు తమ్ముడూ, ఇప్పుడు చేరిస్తే పాత నెలలవి కూడా కట్టమంటారా?

రాతకోతలు:
ఎప్పటినుంచి పదిమంది ఉన్నారో చూడాలి. హాజరు పుస్తకం, జీతాల రిజిస్టరు తీసుకుని రండి.

గాజులమండ్యం_బాక్సులు:
నోటు పుస్తకంలో ఉంది.

తుమ్మలగుంట_కామర్స్:
చేర్చాక కూడా ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న అడుగుతారా సార్?

గాజులమండ్యం_బాక్సులు:
సీటు ఆరు నెలలు ఖాళీగా ఉంటుంది కదమ్మా. అది ఈఎస్‌ఐ నింపదు. అడుగుతాననే అనుకుంటున్నాను. రాసిమ్మని మాత్రం అడగను.

పీలేరు_బైపాస్:
మా తమ్ముడి సంగతి ఎవరూ ఎత్తలేదు.