మన ఆట రూల్సు అందరికీ వదిలేద్దామా, అడిగినవాళ్లకే ఇద్దామా?

వశిష్ఠ ఒడ్డు:
అందరికీ నమస్కారమండి. కొత్తగా చేరినవాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. మనది కూర్చుని కథ చెప్పుకుంటూ ఆడే ఆట. ఒకరు సూత్రధారి, మిగతా నలుగురైదుగురు తలో పాత్ర. కథలన్నీ గోదావరి లంకల్లో, వరద రోజుల్లో జరుగుతాయి. 'పంటు పడవ ఒడ్డు దాటేలోపు నేను తాడు కోసేస్తాను' అని ఆటగాడు అంటే, ఆ పని అయిందో లేదో తేల్చడానికి డైస్ బదులు అష్టాచెమ్మా గవ్వలు నాలుగు వేస్తాం. ఎన్ని వెల్లకిలా పడితే అంత, నాలుగూ బోర్లా పడితే ఎనిమిది. నాలుగేళ్లుగా అమలాపురంలో, పాలకొల్లులో ఆడి ఆడి సరిదిద్దుకుంటే రూల్సు పుస్తకం 64 పేజీలకి వచ్చింది.

పోయిన వారం భీమవరం నుంచి ఇద్దరు కుర్రాళ్లు అడిగారు. మన రూల్సు మీద వాళ్లు సొంతంగా ఒక కథల పుస్తకం రాసి, అచ్చు వేసుకుని అమ్ముకుంటారట. వీళ్లకి సరేనని ఉత్తరం రాసిస్తే రేపు ఇంకొకరు వస్తారు, ఎల్లుండి మరొకరు, మనం ఉత్తరాలు రాస్తూ కూర్చోవాలి. నా మటుకు ఒకేసారి ఓపెన్ లైసెన్స్ కింద పెట్టేస్తే మంచిదని. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు, మన పేరు చెబితే చాలు. తెలుగులో ఇలాంటి ఆటలు ఆడేవాళ్లే తక్కువ. పది మంది పది పుస్తకాలు వేస్తేనే కదా ఆడేవాళ్లు పెరుగుతారు. మీరేమంటారు?

రాజోలు అక్క:
నేను ఒప్పుకోను తమ్ముడూ. రెండేళ్ల క్రితం ఏం జరిగిందో మీకందరికీ తెలుసు, కొత్తవాళ్లకి మాత్రం తెలియదు. ఒకాయన మన వరద పట్టికని అక్షరం మార్చకుండా చిన్న పుస్తకంలో వేసి 60 రూపాయలకి అమ్ముకున్నాడు. మన పేరు ఎక్కడా లేదు. అడిగితే 'ఆట రూల్సే కదండీ, ఎవరైనా వాడుకోవచ్చు' అన్నాడు. ఆ పట్టిక మూడు రాత్రులు కూర్చుని రాసింది నేను. మొదటి వరసలో ధవళేశ్వరం నీటి మట్టం, రెండో వరసలో ఆటలో వచ్చే కష్టం, మూడో వరసలో లంకలో కంటికి కనిపించేది. 11.75 అడుగులు, మొదటి హెచ్చరిక: గేదెల్ని గట్టు మీదకి తోలతారు. 13.75, రెండోది: పాక చూరుకి కట్టిన చీర చెంగు తడుస్తుంది. 17.75, మూడోది: కొబ్బరి మట్ట మీద కూర్చున్న కోడి అరవకుండా కిందకి చూస్తుంది. ఆ కోడిని నేను చిన్నప్పుడు మా పెదనాన్నగారి లంకలో నా కళ్లతో చూశాను. దాన్ని ఎవడో తెచ్చుకుని అమ్ముకుంటుంటే నాకు కడుపు మండిపోయింది. ఓపెన్ అని పెట్టేస్తే ఇక అడిగే హక్కు కూడా పోతుంది కదా?

కాకినాడ కోర్టు:
అక్కా, మీ కోపం న్యాయమైనదే. కానీ ఇక్కడ రెండు వేరు వేరు సంగతులు కలిసిపోయాయి, విడదీసి చూడాలి. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. ఆలోచనకి కాపీరైట్ ఉండదు, ఆ ఆలోచనని చెప్పిన తీరుకే ఉంటుందని సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో తేల్చింది. ఆటల విషయంలో ఇంకా దగ్గరి కేసు ఉంది. కోల్‌కతా అన్నదమ్ములిద్దరు, అక్షరాలు పేర్చి పదాలు కట్టే స్క్రాబుల్‌ లాంటి ఆటని స్క్రాబ్యులస్ పేరుతో ఇంటర్నెట్‌లో పెడితే స్క్రాబుల్ హక్కులున్న మాటెల్ కంపెనీ వాళ్ల మీద ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది. 2008లో కోర్టు, ఆట నియమాల మీద కాపీరైట్ వాదన ఒప్పుకోలేదు, కానీ స్క్రాబుల్‌ని పోలిన ఆ పేరు వాడొద్దంది. పేరు ట్రేడ్‌మార్క్ కాబట్టి.

మన లెక్కకి వస్తే, నాలుగు గవ్వలు వేయడం, మట్టం పెరిగితే కష్టం పెరగడం, ఇవి మనవి కావు, ఎవరైనా సొంత మాటల్లో రాసుకోవచ్చు. 11.75, 13.75, 17.75 అయితే బ్యారేజీ దగ్గర బోర్డు మీద ఉండే లెక్కలే. కానీ చీర చెంగు, కోడి, ఆ వాక్యాలు నూటికి నూరుపాళ్లు మీవి. ఆయన చేసింది తప్పు, లైసెన్స్ ఉన్నా లేకపోయినా తప్పే. ఓపెన్ లైసెన్స్ ఉండి ఉంటే ఇంకా గట్టిగా అడగొచ్చు, ఎందుకంటే పేరు వేయాలన్న షరతు అందులో రాసే ఉంటుంది.

భీమవరం కుర్రాడు:
నమస్తే అండి, అడిగింది మేమే. లాయరు గారు చెప్పినట్టు మేం సొంత మాటల్లో రాసుకోవచ్చని మాకూ తెలుసు. కానీ అలా వద్దనుకున్నాం. ఒకే ఆటని రెండు రకాలుగా రాస్తే ఆడేవాళ్లకి తికమక. మీ పుస్తకం, మా పుస్తకం పక్కపక్కన పెట్టుకుని ఆడేలా ఉండాలి. ఉత్తరం ఇస్తే తీసుకుంటాం, కానీ ఒక్క భయం ఉందండి. 300 కాపీలు అచ్చు వేయడానికి మా ఇద్దరి పొదుపు డబ్బు పెడుతున్నాం. కాయితం కొన్నాక, బైండింగుకి ఇచ్చాక, మీలో మీకు ఏదో మాట తేడా వచ్చి 'ఆ ఉత్తరం చెల్లదు' అంటే మేం ఎక్కడికి పోవాలి?

ధవళేశ్వరం:
కుర్రాడు అడిగినదే అసలు ప్రశ్న. ఇరవై ఏళ్లుగా, మనలాగే కథ చెప్పుకుంటూ ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట ఆడుతున్నవాణ్ణి, సరిగ్గా ఈ భయమే అక్కడ నిజమైంది, అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నాను, చదవండి.

ఆ ఆట 1974లో వచ్చింది. 1997లో విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కంపెనీ దాన్ని కొనుక్కుంది, ఆ కంపెనీని 1999లో బొమ్మల కంపెనీ హాస్‌బ్రో కొనేసింది. 2000లో మూడో ఎడిషన్‌తో పాటు ఓపెన్ గేమ్ లైసెన్స్ ఇచ్చారు. దాని వెనక ఉన్న రయాన్ డాన్సీ లెక్క సులువైనది: కథల పుస్తకాలు చిన్నవాళ్లు వేసుకుంటారు, వాటిని ఆడాలంటే అందరూ మన మూల పుస్తకం కొనాలి. లెక్క ఫలించింది, వందల చిన్న ప్రచురణకర్తలు పుట్టుకొచ్చారు. 2008లో నాలుగో ఎడిషన్‌కి షరతులు బిగించేసరికి చాలామంది అటు వెళ్లలేదు. పైజో అనే సంస్థ ఆ పాత లైసెన్స్ మీదే 2009లో పాత్‌ఫైండర్ తెచ్చి పెద్ద పోటీదారు అయి కూర్చుంది. దీంతో బుద్ధొచ్చి అయిదో ఎడిషన్ రూల్సు 2016లో మళ్లీ పాత లైసెన్స్ కిందకే తెచ్చారు.

2023 జనవరిలో కొత్త లైసెన్స్ ముసాయిదా బయటికి పొక్కింది. ఏడాదికి 7,50,000 డాలర్లు దాటిన అమ్మకాల మీద 25 శాతం దాకా కట్టాలి, లాభం మీద కాదు, వచ్చిన మొత్తం మీద. పైగా పాత లైసెన్స్ ఇక చెల్లదన్నారు. 23 ఏళ్లుగా ఇల్లు గడుపుకుంటున్నవాళ్ల కాళ్ల కింద నేల కదిలింది. ఎలా కుదిరిందంటే, పాత లైసెన్స్‌లో 'శాశ్వతం' అని ఉంది కానీ 'వెనక్కి తీసుకోలేము' అన్న మాట లేదు. 'అధీకృత వెర్షన్' అని ఒక మాట ఉంది, దాన్ని పట్టుకుని ఇది ఇక అధీకృతం కాదు అనేశారు. జనం తిరగబడ్డారు. అభిప్రాయం అడిగితే 15,000 మందికి పైగా జవాబిచ్చారు. ఆ నెల 27వ తేదీన కంపెనీ వెనక్కి తగ్గి, 400 పేజీల మూల రూల్సుని క్రియేటివ్ కామన్స్ అనే వేరే సంస్థ రాసిన లైసెన్స్ కింద పెట్టేసింది. అందులో వెనక్కి తీసుకోలేమన్న మాట స్పష్టంగా ఉంటుంది, పైగా ఆ లైసెన్స్ కంపెనీ చేతిలో లేదు.

కాబట్టి ఓపెన్ అంటే చాలదు. మన చేతిలో ఉండే కాయితం ఏదీ వద్దు, సొంతంగా లైసెన్స్ రాసుకోవద్దు. మనం మంచివాళ్లమే, కానీ అయిదేళ్ల తర్వాత ఈ గ్రూపు ఎవరి చేతిలో ఉంటుందో మనకే తెలియదు కదా.

యానాం:
క్రియేటివ్ కామన్స్ సరే, కానీ పేరు చెబితే చాలన్నది కాకుండా 'మీరు చేసిన మార్పులు కూడా అదే లైసెన్స్ కింద ఇవ్వాలి' అన్న రకం పెట్టాలి. 2023 గొడవ తర్వాత పైజో వాళ్లు తెచ్చిన ఓర్క్ లైసెన్స్ కూడా అదే దారి, రూల్సులో చేసిన మార్పులు మళ్లీ అందరికీ చేరతాయి. లేకపోతే మన రూల్సు తీసుకుని, బాగుచేసి, తాళం వేసుకుని కూర్చుంటారు. మనం పెట్టిన తోటలో కాయలు కోసుకుని, వాళ్ల మొక్కకి కంచె కట్టినట్టు. నాకిది మింగుడు పడదు.

భీమవరం కుర్రాడు:
అన్నయ్యా, రూల్సు మార్పుల వరకు ఇచ్చేస్తాం, సంతోషంగా. కానీ మీరన్న రకంలో మా కథ కూడా ఇచ్చేయాల్సి వస్తుందేమోనని టెన్షన్. మొదటి కాపీ అమ్ముడుపోగానే ఎవరైనా మొత్తం పుస్తకం పీడీఎఫ్ చేసి పంచుకోవచ్చంటే, మాకు అచ్చు ఖర్చు కూడా రాదండి.

వశిష్ఠ ఒడ్డు:
రెండు రాత్రులు ఆలోచించాను. యానాం గారూ, మీ మాటలో నిజం ఉంది, కానీ ఇవాళ మన ముందు ఉన్నది తాళం వేసే పెద్ద కంపెనీ కాదు, పొదుపు డబ్బుతో 300 కాపీలు వేసే ఇద్దరు కుర్రాళ్లు. వాళ్లకి అడ్డం పడే షరతు నాకు వద్దు. పేరు చెబితే చాలన్న రకమే పెడదాం.

అక్కా, మీరు అడిగిన దానికి నా దగ్గర ఉన్న జవాబు ఇది. మనం అన్నీ ఇవ్వక్కర్లేదు. ఆత్రేయపురం పూతరేకులు చూడండి. కుండ బోర్లించి, పిండిలో ముంచిన గుడ్డ ఒక్క విసురున వేసి రేకు తీయడం ఎవరైనా నేర్చుకోవచ్చు, నేర్పేవాళ్లూ ఉన్నారు. కానీ ఆత్రేయపురం పేరుకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ పేరు ఎవరు పడితే వాళ్లు పెట్టుకోకూడదు. మనమూ అలాగే. ఎలా ఆడాలో చెప్పే పేజీలు మొదటి నుంచి 41 దాకా ఓపెన్. ఆట పేరు, బొమ్మలు, లంకల కథలు, పాత్రల పేర్లు మనవి. వరద పట్టికలో మొదటి రెండు వరసలు ఓపెన్, మూడో వరస మీది, మీ పేరుతో. ఇలా విడగొట్టి మొదటి పేజీలోనే రాసేస్తే ఇక 'రూల్సే కదండీ' అనడానికి ఎవరికీ సందు ఉండదు.

రాజోలు అక్క:
మూడో వరస లేకపోతే ఆ పట్టికకి ప్రాణం ఉండదు, అది చెబుతున్నాను ముందే. అయినా ఇది నాకు సబబుగానే ఉంది. వాళ్ల వరస వాళ్లు రాసుకోవాలి, భీమవరం వైపు వరద ఎలా కనిపిస్తుందో వాళ్లకే తెలుస్తుంది, చేపల చెరువుల గట్లు తెగితే ఏమవుతుందో నేను రాయలేను. కానీ నా పేరు లోపలెక్కడో చిన్న అక్షరాల్లో కాదు, పట్టిక పక్కనే ఉండాలి.

యానాం:
నా అభ్యంతరం అలాగే ఉంది, రాసి పెట్టుకోండి. కానీ ఎక్కువమంది ఇటే ఉన్నారు కాబట్టి అడ్డుపడను.

భీమవరం కుర్రాడు:
చాలా థాంక్సండి. ఒక్క సందేహం. 23వ పేజీలో ఇంట్లోకి నీళ్లొచ్చే రూల్ ఉంది కదా, దాని మధ్యలో 'ఏరు ఎదురుగుమ్మంలోంచి రాదు, పెరటిగుమ్మంలోంచి వస్తుంది' అని అక్క రాసిన వాక్యం ఉంది. అది ఓపెన్ పేజీల్లోనే పడింది. మా పుస్తకంలో తీసేయాలా?

రాజోలు అక్క:
ఉంచుకో నాన్నా. అది నేను రాసింది కాదు, మా నాయనమ్మ అనేది.