బాన్షీకి డ్రాగ్ పైపులు: ఫ్రేమ్ లోపలివా, బయటివా?

ఇసుకబండి:

అన్నలందరికీ నమస్కారం. నా దగ్గర 2003 మోడల్ యమహా బాన్షీ ఉంది, ఇసుకలో నడిపే నాలుగు చక్రాల బండి. 347 సీసీ, రెండు సిలిండర్ల టూ స్ట్రోక్. ఇన్నాళ్ళూ ఇసుక దిబ్బల మీద సరదాగా తిప్పుకున్నాను. ఈసారి 300 అడుగుల నేరు పరుగు పందెం అయిన డ్రాగ్‌లో దిగుదామని స్వింగ్ ఆర్మ్ (వెనక ఇరుసును పట్టుకునే చేయి) పొడుగు చేయించి, వెనక పాడిల్ టైర్లు (ఇసుకను తోసే తెడ్ల లాంటి పట్టీలున్నవి) వేశాను. కార్బరేటర్లు 28 ఎంఎంవి. క్రాంకు, సిలిండర్లు మాత్రం కంపెనీ నుంచి వచ్చినవే, పోర్టులు (సిలిండర్ గోడలో గాలి, పొగ పోయే కన్నాలు) ముట్టుకోలేదు.

పొగ పైపులు కూడా బండితో వచ్చినవే, ఒకదానికి పొట్ట దగ్గర సొట్ట పడింది. ఎలాగూ మార్చాలి కదా అని చూస్తుంటే, గెలిచే బండ్లకు ఎక్కువగా ఫ్రేమ్ బయటి నుంచి వంపు తిరిగి వెళ్ళే లావు పైపులే కనిపిస్తున్నాయి. డైనో (ఇంజిన్ పవర్ కొలిచే యంత్రం) గ్రాఫుల్లోనూ పైన, అంటే ఎక్కువ ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర, పవర్ వాటిదే ఎక్కువ. నాతో నడిపే ఒకతను మాత్రం ఫ్రేమ్ లోపలి పైపులు చాలంటున్నాడు. ముందు బయటి పైపులు తీసేసుకుని, పోర్టింగ్ (ఆ పోర్టులను చెక్కి పెంచడం) వచ్చే ఏడు చేయిద్దామని నా ఆలోచన. ఏమంటారు?

పాత పిస్టన్:

తమ్ముడూ, "పోర్టింగ్ వచ్చే ఏడు" అన్న చోటే ఆగిపోయాను. అచ్చం ఇదే పని నేనూ చేశాను.

నాదీ బాన్షీయే. సిలిండర్లు కదిలించకుండా పెద్ద పైపులు బిగించాను. ఏ కంపెనీవో చెప్పను, తప్పు పైపుది కాదు, నాది. స్టాండ్ మీద పెట్టి రేజ్ చేస్తే ఆ మోతకే కడుపు నిండిపోయింది. మొదటి పరుగులో పక్కన నిలబడింది నా స్నేహితుడి బాన్షీ, లోపలి పైపులతో. ఇద్దరి బరువూ దాదాపు ఒకటే. లైటు పడ్డాక వంద అడుగులు దాటేసరికి వాడు రెండు బండ్ల దూరం ముందున్నాడు. చివర్లో నా బండి ఉరికింది, నిజమే. కానీ అప్పటికి ముగింపు గీత వచ్చేసింది.

నాలుగు పరుగులు అలాగే ఓడాక ఆర్‌పీఎం రికార్డు చేసే టాకోమీటర్ పెట్టాను. అప్పుడు తెలిసింది అసలు సంగతి. నేను 9,600 దగ్గర గేరు మారుస్తుంటే ముల్లు 7,700కు పడుతోంది. ఆ పైపులేమో 8,600 దాకా కళ్ళు తెరవవు. అంటే గేరు మార్చిన ప్రతిసారీ దాదాపు తొమ్మిది వందల ఆర్‌పీఎం పాటు ఇంజిన్ మూలుగుతోంది. గ్రాఫు కొసన ఉన్న పవర్ కోసం కొన్నాను, నా బండి ఆ కొసన ఉన్నది పరుగు మొత్తంలో రెప్పపాటు.

కాబట్టి గ్రాఫులో అన్నిటికంటే ఎత్తయిన చుక్కను చూడకు. గేరు మార్చే ఆర్‌పీఎం, మార్చాక పడే ఆర్‌పీఎం, ఈ రెండింటి మధ్య గీత ఎంత నిండుగా ఉందో చూడు. 300 అడుగుల్లో నువ్వు బతికేది ఆ ముక్కలోనే.

పోర్టింగ్ మాట ఎందుకు పట్టుకున్నానంటే, టూ స్ట్రోక్ పైపు పొగ పోయే గొట్టం మాత్రమే కాదు. పొగ పోయే పోర్టు తెరుచుకోగానే పీడనం అల పైపులోకి పోతుంది. పైపు వెడల్పయ్యే చోట అది చూషణగా తిరిగొచ్చి సిలిండర్‌లోని పొగను లాగుతుంది, దాంతోపాటు కాస్త కొత్త పెట్రోలు గాలిని కూడా బయటికి లాగేస్తుంది. వెనక ఇరుకయ్యే కోను దగ్గర అల మళ్ళీ పీడనంగా తిరిగి, బయటికొచ్చేసిన ఆ గాలిని పోర్టు మూసుకునే లోపల సిలిండర్‌లోకి తోసేస్తుంది. అది ముందొచ్చినా, ఆలస్యంగా వచ్చినా దండగే. పోర్టు ఎంతసేపు తెరిచి ఉంటుందో సిలిండర్ చెబుతుంది, పైపు దానికి తగ్గట్టు ఉండాలి. డ్రాగ్ పైపు చేసేవాళ్ళు పోర్టు ఎత్తు పెంచిన సిలిండర్‌ను మనసులో పెట్టుకుని చేస్తారు.

ఇప్పుడున్న బండికయితే నా ఓటు లోపలి పైపులకే. టూమీ టీ5 లాంటివి మధ్య నుంచి పై దాకా బాగా లాగుతాయి. ఎఫ్ఎంఎఫ్ ఫ్యాటీ కింద, మధ్యలో బలం, దిబ్బలకు హాయి. షియరర్ కంపెనీ బయటి పైపుల జోలికి పోర్టింగ్, 4 ఎంఎం స్ట్రోకర్ క్రాంకు (పిస్టన్ కదిలే దూరం పెంచేది) అయ్యాక వెళ్ళు. ఇంకోటి, బయటి పైపులతో దిబ్బల మీద సరదా ఉండదు. కాలికి తగులుతాయి, బండి పక్కకు ఒరిగితే ముందు నలిగేవి అవే.

కొలతల పిచ్చోడు:

అన్న చెప్పిన దానికి లెక్క కడతాను, ఓపిక లేనివాళ్ళు దాటేయండి. పొగ పోర్టు తెరిచి ఉన్నంతసేపు క్రాంకు తిరిగే డిగ్రీలను 518తో గుణించి (వేడి పైపులో అల వేగం, సెకనుకు మీటర్లలో, సుమారుగా), ఆర్‌పీఎంకు పన్నెండు రెట్లతో భాగిస్తే పైపు పొడవు మీటర్లలో వస్తుంది. పిస్టన్ ముఖం నుంచి వెనక కోను మధ్య దాకా కొలవాలి. ఉదాహరణకు 190 డిగ్రీలు అనుకుందాం. 8,500కు 965 మిల్లీమీటర్లు, 10,000కు 820. తేడా జానెడు కూడా లేదు, అయినా పరుగు పూర్తిగా మారిపోతుంది. ముందు క్రాంకుకు డిగ్రీ చక్రం (కోణాలు గీసిన పళ్ళెం) పెట్టి నీ సిలిండర్ కొలుచుకో.

వేడి సంగతి కూడా మర్చిపోవద్దు. చల్లటి పైపులో అల నెమ్మదిగా నడుస్తుంది, అంటే పైపు పొడుగు పెరిగినట్టే. వరుసలో అరగంట నిలబడి చల్లారిన బండితో ఒకసారి, వేడెక్కిన బండితో ఒకసారి వెళ్తే రెండు వేర్వేరు బండ్లు నడిపినట్టుంటుంది.

ఇసుకబండి:

పాత పిస్టన్ అన్నా, కొంప ముంచుకునేవాడినే. లోపలి పైపులే తీసుకుంటాను. బిగించాక జెట్లు (కార్బరేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే చిన్న కన్నాల ముక్కలు) మార్చాల్సిందేనా? 28 కార్బరేటర్లు ఇప్పుడు చక్కగా కుదిరి ఉన్నాయి, కదిలించాలంటే టెన్షన్.

పాత పిస్టన్:

మార్చాల్సిందే తమ్ముడూ, ఇందులో బేరాల్లేవు. పైపు బాగా లాగితే గాలి ఎక్కువ పోతుంది. జెట్టు పాతదే ఉంటే మిశ్రమం పలచబడి పిస్టన్ పట్టేస్తుంది. నాది ఎడమ సిలిండర్ అలాగే పోయింది. బోరు మీద గీతలు చూసి ఆ రాత్రి అన్నం సయించలేదు.

మెయిన్ జెట్ రెండు మూడు సైజులు పెద్దది వేసి మొదలుపెట్టు. బండి గొణుగుతూ తడిగా నడిచినా ఫరవాలేదు. ఫుల్ థ్రాటిల్‌లో లాగి, గీత దాటగానే క్లచ్ నొక్కి ఇంజిన్ ఆపేసెయ్, మెల్లగా నడిపించుకుంటూ రాకు. అక్కడికక్కడే ప్లగ్గులు రెండూ విప్పి చూడు. తెల్లగా ఉంటే జెట్టు పెంచు. గోధుమ రంగు దాటి నల్లగా, తడిగా ఉంటేనే ఒక్కో సైజు దించు. రెండు సిలిండర్లకూ విడివిడిగా చూడాలి, ఒకటి బాగుంది కదా అని రెండోదాన్ని వదిలేయొద్దు.

పైపు చివరి సన్నటి గొట్టాన్ని మోత తగ్గుతుందని ఎవరైనా ఇంకా సన్నం చేయిస్తామంటే చేయనివ్వకు. లోపల వేడి, పీడనం నిలబడిపోయి పిస్టన్ నెత్తి కరుగుతుంది. స్ప్రింగులు, ఓ రింగులు కొత్తవి వెయ్యి.

నాలుగు స్ట్రోకులు:

మధ్యలో దూరుతున్నా. నాది యమహా వైఎఫ్‌జెడ్ 450, ఫోర్ స్ట్రోక్ బండి. ఈ లెక్క నాకూ పనికొస్తుందా?

కొలతల పిచ్చోడు:

పనికిరాదండీ. ఫోర్ స్ట్రోక్‌లో టూ స్ట్రోక్‌లాంటి పొట్ట పైపు ఉండదు. హెడ్డు నుంచి వచ్చే మొదటి గొట్టం పొడవు, లోపలి వ్యాసం చూసుకోవాలి. మరీ లావు గొట్టం పెడితే కింద పికప్ పోతుంది. దానికి వేరే ప్రశ్న పెట్టండి, అక్కడ మాట్లాడుకుందాం.

ఇసుకబండి:

డిగ్రీ చక్రంతో కొలిచాను. ఎడమ సిలిండర్‌కు, కుడి సిలిండర్‌కు రెండు డిగ్రీల తేడా వస్తోంది. కొలవడం నాకు రాకనా, లేక నిజంగానే ఉందా?

పాత పిస్టన్:

పిస్టన్ పై కొస ఎక్కడో కంటితో చూసి పెట్టావా? స్పార్క్ ప్లగ్ కన్నంలో పిస్టన్‌ను ఆపే బోల్టు బిగించి, రెండు వైపుల నుంచీ తిప్పి, నడిమి గీత పట్టుకుని మళ్ళీ కొలువు. అప్పుడూ తేడా వస్తే సిలిండర్ల ఫొటో పెట్టు, బండి కొన్నప్పుడు పాత ఓనరు చెప్పనిదేదో ఉండొచ్చు.